పైడితల్లి పేజీ

రమాకుమారి ఆఫీసులో కప్ప పేగులు గీస్తుంది, ఇంట్లో తన పుస్తకం గీసుకుంటుంది. కలకత్తా భవానీపూర్‌లో బడిపిల్లలకు గైడ్లు అచ్చేసే ఒక చిన్న సంస్థలో పద్దెనిమిదేళ్లుగా ఆమెది ఇదే పని. కప్ప జీర్ణవ్యవస్థ, మందార పువ్వు నిలువుకోత, ‘మన సహాయకులు’ పాఠానికి పోస్ట్‌మ్యాన్, పోలీసు. ఆ బొమ్మల కింద ఆమె పేరెక్కడా ఉండదు. సొంత పుస్తకానికి మిగిలేది ఆదివారం పొద్దుటిపూట ఒక్కటే. ఖిదిర్‌పూర్ ఓడల డాక్ వెనకున్న తెలుగు కూలీల లైన్లో, గదిన్నర ఇంట్లో, కిటికీ కింద బల్ల వేసుకుని నాలుగేళ్లుగా గీస్తోంది. నాలుగేళ్లకి ఎనిమిది పేజీలయ్యాయి.

ఆ పుస్తకంలో మాటలుండవు. రమాకుమారి చదివింది బెంగాలీ బడిలో. తెలుగు ఇంట్లో మాట్లాడుతుంది గాని, అక్షరాలు కూడబలుక్కోవాలి. తల్లి దాలమ్మకి ఏ భాషలోనూ చదువు రాదు. తల్లి చూసి అర్థం చేసుకోలేని పుస్తకం ఎందుకని బొమ్మలతోనే చెప్పాలనుకుంది, ఎందుకంటే కథ దాలమ్మదే. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరి నుంచి పదిహేనేళ్ల పిల్లగా వచ్చి హౌరాలో రైలు దిగడం, భర్త డాకులో బస్తాలు మొయ్యడం, తను ఆడవాళ్లతో కలిసి గోదాముల్లో ఒలికిన గోధుమలు ఊడ్చి, చెరిగి, కొంగున కట్టుకుని తెచ్చుకోవడం. భర్త పోయి పన్నెండేళ్లయింది. ఇంట్లో తల్లీ కూతుళ్లిద్దరే.

ప్రతి ఆదివారం గీసిన కాగితాన్ని దాలమ్మ కిటికీ వెలుతురులో పెట్టుకుని చూసేది. చూసిందంటే తప్పు పట్టకుండా వదిలేది కాదు.

“బస్తాలెత్తే కొక్కెం ఇలగుండదే. ఇలగుంటే బస్తా సిరిగిపోద్ది. కొన లోపలికి తిరిగుంటాది.”

“మీ అయ్య అంత పొడుగేటి? అంత పొడుగు మనిసి బస్తాలెలగ మోస్తాడు? కొంచెం వంచు.”

రమాకుమారి చెరిపి మళ్లీ గీసేది. ఆర్ట్ స్కూల్లో నేర్చుకున్నదానికంటే ఆ కిటికీ దగ్గర నేర్చుకున్నదే ఎక్కువని ఆమెకి అనిపించేది. పక్కింటి అరుగు మీద కూర్చున్న సింహాచలమ్మ కూడా అప్పుడప్పుడు మెడ సాచి చూసి, “మా దాలమ్మ సేతిలో ఈ గుంట మళ్లీ బళ్లో సేరినాదిరా” అని నవ్వేది. సింహాచలమ్మా దాలమ్మా ఒకే ఏడాది కలకత్తా వచ్చినవాళ్లు, ఒకే గోదాములో ఊడ్చినవాళ్లు.

తొమ్మిదో పేజీ అక్కది. రమాకుమారి పుట్టకముందే పోయిన పిల్ల, పైడితల్లి. ఎనిమిదేళ్లకి జ్వరం వచ్చి పోయిందని ఇంట్లో చెప్పేవాళ్లు. ఫొటో లేదు. రమాకుమారి తన మొహమే చిన్నది చేసి, నులకమంచం మీద ఒక పిల్లని పడుకోబెట్టి, తడిగుడ్డ పట్టుకున్న తల్లిని పక్కన కూర్చోబెట్టింది. ఆదివారం తల్లికి చూపించింది.

“బాగున్నాది,” అని దాలమ్మ కాగితం వెనక్కిచ్చేసింది.

నాలుగేళ్లలో ఒక్క బొమ్మనీ బాగుందనని మనిషి. మంచం కోడుకి వంక పెట్టలేదు, గుడ్డకి వంక పెట్టలేదు, అసలు వెలుతురులో పెట్టి చూడనే లేదు. ఆ మాట రమాకుమారిని వారమంతా పీకింది. ఆ శనివారం ఆఫీసుకి సెలవు పెట్టి సింహాచలమ్మ దగ్గరికెళ్లి కూర్చుంది.

“పిన్నీ, మా పైడితల్లి అప్పకి ఎన్నాళ్లు జొరమొచ్చినాది?”

సింహాచలమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

“జొరమేటి. బస్తాలు పడిపోనాయి పిల్ల మీద.”

తర్వాత మెల్లగా చెప్పింది. అప్పట్లో డాక్ బయట ఎవరో సేట్‌ది ఒక పెద్ద గోదాము ఉండేది. బస్తాలు కప్పు దాకా పేర్చేవాళ్లు. వరసకీ వరసకీ మధ్య సన్నని సందు. ఒలికిన గింజంతా ఆ సందుల్లోకే జారేది. పెద్దవాళ్లు పట్టరు. పిల్లలు పాకుతూ వెళ్లి చీపురుకట్టతో గింజని ఇవతలికి తోసేవాళ్లు. ఒకరోజు పైడితల్లి లోపలుండగా పైవరస కదిలింది.

“ఎవులు పంపినారు పిన్నీ దాన్ని లోపలికి?”

“సర్దారు. కూలోళ్ల మీద పెద్ద ఆడేగదా. ఆడు ఎళ్లమంటే ఎళ్లాలి.” ఆ మాటనేసి సింహాచలమ్మ గింజల పళ్లెం తీసుకుని లోపలికెళ్లిపోయింది.

ఆ రాత్రే మంచం బొమ్మ చింపేసింది రమాకుమారి. కొత్త పేజీకి మూడు ఆదివారాలు పట్టింది. రెండు వైపులా కొండల్లాంటి బస్తాలు, మధ్యలో గీతంత చీకటి, ఆ చీకటి ముందు గౌను వేసుకున్న పిల్ల. పక్కన మీసాల సర్దారు, చెయ్యి చాపి వేలు చూపిస్తూ. తల్లిని దూరంగా, వీపు ఇటు పెట్టి, చెరుగుతున్నట్టు గీసింది. పని చేస్తున్నన్నాళ్లూ కాగితం పరుపు కింద దాచింది.

తల్లికి చూపించకముందు మహితకి చూపించింది. మహిత న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే హైదరాబాద్ అమ్మాయి. స్నేహితులతో కలిసి పిల్లల పుస్తకాలు వేస్తోంది. ఒక ప్రదర్శనలో రమాకుమారి బొమ్మలు చూసి తనే వచ్చి పరిచయం చేసుకుంది. పద్నాలుగో అంతస్తులో, అద్దాల గదిలో, తొమ్మిది పేజీలూ బల్ల మీద పరిచి మహిత చివరిది చేతిలోకి తీసుకుంది.

“అక్కా, ఈ పేజీ లేకుంటే పుస్తకమే లేదు. ఇగ మిగిలినయి జల్దీ పూర్తి చెయ్యండి. చలికాలం పుస్తకాల పండుగకి తెద్దాం. పక్కా.”

తిరుగు బస్సులో రమాకుమారికి కూర్చోవడానికి చోటు దొరకలేదు గాని నిలబడ్డ సంగతే తెలియలేదు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి తన పేరుతో ఒక పుస్తకం. ఇంటికొచ్చి, అదే ఉత్సాహంలో, కాగితం తల్లి చేతిలో పెట్టింది.

దాలమ్మ ఈసారి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. చూసింది. పిల్లమీద వేలు పెట్టి ఆగింది. అక్కణ్నుంచి సర్దారు మీదికి, అక్కణ్నుంచి వీపు తిప్పుకుని చెరుగుతున్న ఆడమనిషి మీదికి వేలు జరిపింది. కాగితం బల్ల మీద పెట్టి వెళ్లి పడుకుంది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడూ తినలేదు. మంగళవారం పొద్దున్న రమాకుమారి ఆఫీసుకి బయల్దేరుతుంటే పిలిచింది.

“ఎవులు సెప్పినారు సర్దారని?”

“పిన్ని సెప్పినాది.”

“సర్దారు ఆవేల లేడు. కూతురి పెళ్లని ఊరెల్లినాడు. ఆడికి తెలిస్తే పిల్లల్ని అటు రానిచ్చీవోడే కాదు.” దాలమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. “ఎప్పుడూ నానే దూరీదాన్ని. సన్నంగుండీదాన్ని గదా. ఆవేల పట్టనేదు. కడుపు అడ్డొచ్చినాది. ఏడో నెల.”

రమాకుమారి చేతిలో బ్యాగు అలాగే ఉంది.

“నువ్వే,” అంది దాలమ్మ, అర్థం కాలేదేమోనని. “నువ్వు కడుపులో ఉన్నావు. అందుకని దాన్ని ఎల్లమన్నాను. బెదిరినాది. వీపు మీద సెయ్యేసి తోసినాను. ఏటీ అవదే, నాను ఇక్కడే ఉన్నాను గదా అన్నాను.”

బయట ఎవరో కుళాయి దగ్గర బిందెల కోసం పోట్లాడుకుంటున్నారు. రమాకుమారి తల్లి పక్కన కూలబడింది.

“బొమ్మ మార్సు,” అంది దాలమ్మ.

“వద్దమ్మా. ఆ పేజీయే తీసేస్తాను.”

“నాలుగేళ్లు నాను సెప్పినట్టే గీసినావు. కొక్కెం తప్పైతే మార్సినావు. ఇది మార్సవేటి? సేయనోడి మీద తప్పు ఎయ్యకు. ఆడు సచ్చిపోనాడు, ఆడి పిల్లలున్నారు.”

ఆ వారం ఆఫీసులో రమాకుమారి గీసిన గుండె బొమ్మలో గదులు తారుమారయ్యాయి. ఎడిటర్ దాదా ఎర్రసిరాతో సున్నా చుట్టి తిప్పి పంపాడు. ఆదివారం వచ్చింది. బస్తాలు గీయగలిగింది, సందు గీయగలిగింది. తల్లిని ఇటు తిప్పి నిలబెట్టేసరికి చెయ్యి ఆగిపోయేది. రాక్షసిలా గీస్తే అబద్ధం. ఏడుస్తున్నట్టు గీస్తే ఇంకా పెద్ద అబద్ధం, అప్పటికింకా ఏమీ జరగలేదు గదా. ఏడుపెందుకు? అప్పుడు అక్కడున్నది పని తొందరలో ఉన్న ఒక ఆడమనిషి, అంతే. అంత మామూలు మొహం గీయడం రమాకుమారికి చేతకాలేదు. పదకొండు కాగితాలు పాడుచేసింది. కడుపు గీసిన ప్రతిసారీ పెన్సిలు పెట్టిన చోటే తనున్నానని గుర్తొచ్చి లేచి బయటికి పోయేది.

చివరికి ఆషాఢం వానల్లో ఒక ఆదివారం పేజీ ఒక కొలిక్కి వచ్చింది. దాలమ్మ తీసుకుని వెలుతురులో పెట్టింది.

“సెయ్యి ఇంకా దగ్గిర. ఆనుకునుండాల.”

రమాకుమారి చెరిపి దగ్గరగా గీసింది.

“దీని మొకం ఏడుస్తున్నట్టు పెట్టినావేటి?”

“బెదిరినాదన్నావు గదమ్మా.”

“ముందు బెదిరినాది. నాను తోసినాక నవ్వినాది. ఆటనుకున్నాది. నవ్వుకుంటూనే దూరినాది.”

రమాకుమారి ఆ పిల్ల నోరు చెరిపింది. నవ్వు గీసింది. చిన్న గీత, ఒక్క క్షణం పని. దాలమ్మ చాలాసేపు చూసి, “ఆ,” అంది. అంతే. ఆమె బాగుందనలేదు, తప్పూ పట్టలేదు.

కొత్త పేజీ చూసి మహిత మొహం వాడిపోయింది. రెండు రోజులు టైమడిగి, మూడోరోజు ఫోన్ చేసింది.

“అక్కా, మా వాళ్లందరం కూర్చున్నం. తల్లే బిడ్డని తోసినట్టు, అది కూడా నవ్వుకుంట... ఇది పిల్లల చేతిలో పెట్టలేం. పాత పేజీ ఉంది కదా, సర్దారు ఉన్నది. అది వేద్దాం. ఒక్క పేజీ కోసం ఇంత మంచి పుస్తకం ఆపొద్దక్కా.”

“సర్దారు పంపలేదు మహితా.”

“చదివేవాళ్లకు ఆయనెవరో తెలుస్తదా? ఆలోచించండి.”

రమాకుమారి ఆలోచించింది. తన పేరున్న అట్ట కళ్లముందు కనపడింది. పాత పేజీ ఇచ్చేస్తే అడిగేవాళ్లెవరూ లేరు, అచ్చయ్యాక తల్లికి ఆ ఒక్క పేజీ చూపించకపోతే సరి. నాలుగు రోజులు అటూ ఇటూ కొట్టుకుంది. ఐదోరోజు మహితకి వద్దని మెసేజ్ పెట్టింది. పెట్టాక తేలికేమీ పడలేదు.

“అచ్చు ఎప్పుడు?” అని దాలమ్మ అడిగింది ఒక సాయంత్రం.

“వెయ్యరంటమ్మా.”

“ఈ బొమ్మ మూలానేనా?”

రమాకుమారి తలూపింది. దాలమ్మ చేతులకేసి చూసుకుంది. “అందరూ సూస్తారనుకున్నాను,” అంది. “సూసి తిడితే తిడతారు గదా అనుకున్నాను.”

ఆ తర్వాత ఆదివారాలు ఆమె కిటికీ దగ్గరికి రాలేదు. శ్రావణంలో దగ్గు పట్టుకుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంది. ఆఖరి రోజుల్లో రమాకుమారిని గుర్తు పట్టేది కాదు. నర్సుల్ని పట్టుకుని “గింజ తోసీవా? ఇటు తోసీ” అనేది. పదో రోజు తెల్లారాక పోయింది.

దినం అయిన మర్నాడు సింహాచలమ్మ వచ్చింది. కర్ర ఊతంతో గుమ్మం దాటి, బల్ల దగ్గర కూర్చుంది.

“బొమ్మ గీసినావంట గదా. సూపించు.”

రమాకుమారి తీసిచ్చింది. సింహాచలమ్మకి ఒక కన్ను శుక్లం, రెండో కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. పిల్లని చూసింది, వీపు మీది చెయ్యి చూసింది, కడుపు చూసింది. కాగితం ఒళ్లో పెట్టుకుంది.

“నాకు తెలుసు,” అంది. “నానూ అక్కడే ఉన్నాను. అవతలి సందు కాడ.”

“మరి సర్దారని ఎందుకు సెప్పినావు పిన్నీ?”

“నా కొడుకుని నాను పంపినాను అవతలి సందులోకి. మేవందరం పంపీవోళ్లం. సర్దారు సూడకుండా రోజూ పంపీవోళ్లం. ఎవులు పంపనేదు?”

రమాకుమారికి ఒక్కసారిగా ఒళ్లు మండింది. “ఈ మాట మా అమ్మకి ఒక్కపాలి సెప్పినావా? నలభై ఏళ్లు పక్క పక్కనే ఉన్నారు గదా! అదంతా తనొక్కర్తే సేసినాననుకున్నాది. అలాగే పోనాది.”

“ఏటని సెప్తాను?” సింహాచలమ్మ గొంతు పెంచలేదు. “నా కొడుకు బయటికొచ్చినాడు. బయటికొచ్చిన పిల్లడి తల్లిని నాను. దానికెదురుగా కూకుని నానూ పంపినాను అని ఎలగ సెప్పమంటావు?”

డాకు వైపు ఏదో ఓడ కూత పెట్టింది. సింహాచలమ్మ కర్ర పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

“నన్ను గియ్యకే రమా. కొడుకున్నాడు, మనవలున్నారు.”

రమాకుమారి కాగితాన్ని మళ్లీ బల్ల మీద పరిచింది. ముసలామె మెట్టు దిగి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం రమాకుమారి ఉదయమంతా బల్ల దగ్గర కూర్చుని ఏమీ గీయలేదు. తర్వాతి ఆదివారం కొత్త కాగితం పరిచింది. మళ్లీ బస్తాలు, సందు. దాని పక్కన ఇంకో సందు, ఇంకోటి. ఒక్కో సందు ముందు ఒక్కో ఆడమనిషి వంగి ఉంది. వాళ్ల మొహాలు ఇంకా గీయలేదు. తప్పు పట్టేవాళ్లు ఎవరూ లేరు గనక, వాళ్లు చీర దోపుకున్న తీరు సరిగ్గా వచ్చిందో లేదో ఆమెకి తెలియలేదు.