కప్పుకొని చూడండి

ఆఫీసులో అతన్ని అందరూ కవిగారు అంటారు. పాపం, అతను ఒక్క కవిత రాసిన పాపాన పోలేదు. ఇంటి సామాన్లు ఫోన్లో చూసి ఆర్డరిచ్చుకునే కంపెనీ అది. దుప్పట్లు, దీపాలు, గరిటెలు, కాళ్లు తుడుచుకునే పట్టాలు, ఏది అమ్మకానికి వచ్చినా బొమ్మ కింద నాలుగు వాక్యాలు రాయడం అతని పని. కొనేవాళ్లు ముందు ధర చూస్తారు, తర్వాత బొమ్మ చూస్తారు, అప్పటికీ ఓపిక మిగిలితే అతని వాక్యాల దగ్గరికి వస్తారు. ఆ మిగిలిన ఓపిక మీదే అతని జీతం నడుస్తోంది.

ఎండలు ఇంకా మండిపోతున్న రోజుల్లో ఒకనాడు మేనేజరు అతని బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కవిగారూ, మీకు 'చూడండి' తప్ప ఇంకో మాట రాదా?"

"ఏమైంది సార్?"

"ఏమైందా? మెత్తదనం చూడండి, వెలుగు చూడండి, వాసన చూడండి. కప్పుకొని చూడండి, కూర్చుని చూడండి, మోగించి చూడండి. చదువుతుంటే నాకు కళ్లు తిరిగాయి. అన్నీ పీకి పారెయ్యండి."

కవిగారికి నవ్వు ఆగలేదు. తప్పు తనది కాదు, భాషది. మనం వాసన చూస్తాం. ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకుని రుచి చూస్తాం. పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూస్తాం. కళ్ల సొంతమైన మాటను ఒళ్లంతటికీ పంచిపెట్టేశాం. ఈ మాట మేనేజరుతో అంటే ఆయన తనను ఇంకో రకంగా చూస్తాడని తెలుసు కనక, సరేనని తల ఊపాడు.

దీపంతో ఇబ్బంది రాలేదు. 'వెలుగు చూడండి' తీసేసి, పసుపురంగు వెలుగు గోడ మీద గుండ్రంగా పరుచుకుంటుందని రాశాడు. దుప్పటి దగ్గర చిక్కొచ్చింది. 'కప్పుకొని చూడండి' తీసేస్తే అక్కడ ఇంకేం లేదు. ఇన్నాళ్లూ ఆ ఒక్క ముక్క రాసి మిగతాది కొనేవాళ్ల ఒంటికి వదిలేస్తూ వచ్చాడన్నమాట. ఆ సంగతి ఇప్పుడు తెలిసి కాస్త సిగ్గేసింది. స్టోరు గదిలోకి వెళ్లి శాంపిల్ దుప్పటి తెచ్చుకుని, నడివేసవిలో, తిరగనా వద్దా అన్నట్టు తిరుగుతున్న ఫ్యాను కింద భుజాల నిండా కప్పుకుని కూర్చున్నాడు. చెమటలు కక్కుతూ రాశాడు: "భుజాల మీద పడగానే కాస్త బరువు తెలుస్తుంది. మెడ దగ్గర ఉన్ని కొంచెం గరుగ్గా తగులుతుంది. కాసేపు ఆగితే ఆ గరుకే వెచ్చబడుతుంది. ఇక పాదాలు లోపలికి లాక్కోండి."

ఆ దుప్పట్లు అప్పటికి ఇంకా నెయ్యనేలేదు. ఇప్పుడు ఆర్డరిస్తే చలికాలం మొదట్లో ఇంటికి వస్తాయి. ఆ మాట పెద్ద అక్షరాల్లో బొమ్మ పక్కనే ఉంది.

కొన్నాళ్లకు పక్క గదిలోంచి ఫోనక్క వచ్చింది. కొన్నవాళ్ల ఫోన్లన్నీ ఎత్తేది ఆవిడే. తిట్లన్నీ ఆవిడ చెవిలో పడతాయి, అయినా ఆవిడ నవ్వు చెక్కు చెదరదు.

"తమ్ముడూ, ఆ దుప్పట్లో ఏం మందు పెట్టావు?"

"ఏం, గుచ్చుకుంటోందా?"

"ఎవరికి గుచ్చుకుంటుంది, రాందే! అదే గోల. నా దుప్పటి ఇంకా రాలేదేంటని ఒకటే ఫోన్లు. చలికాలంలో వస్తుందమ్మా అంటే, ఆ సంగతి నాకూ తెలుసు, ఎప్పుడొస్తుందో చెప్పు అంటారు. ఒకాయన పాత దుప్పటి వాచ్‌మన్‌కి ఇచ్చేశాట్ట. ఇంకొకావిడ అలమరలో అర ఖాళీ చేసి పెట్టుకుందట. ఈ ఎండల్లో!"

"మరి దీపం?"

"దీపం మర్నాడే ఇంటికెళ్తుందా? గుమ్మంలో మనవాడు బెల్లు కొడితే, ఏ దీపం, మేం చెప్పామా అంటున్నారు."

ఫోనక్క వెళ్లిపోయింది కానీ ఆ మాట మాత్రం జోరీగలా కవిగారి చెవి దగ్గరే తిరిగింది. చలికాలంలో వచ్చే వస్తువు కోసం జనం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు. రేపు వచ్చేది మర్చిపోతున్నారు. ఇదెక్కడి విడ్డూరం? ఎవరికీ చెప్పకుండా వాక్యాలు తారుమారు చేశాడు. దీపానికి, "ఇత్తడి కాడ చేతికి నున్నగా, చల్లగా తగులుతుంది, స్విచ్చు మీద వేలు ఆనగానే చిన్నగా లోపలికి దిగుతుంది" అని రాశాడు. దుప్పటికి, "ముదురు నీలం మీద సన్నని తెల్ల చారలు, మంచం చివర మడత పెడితే గదికే అందం" అని రాశాడు. అంతే, చెయ్యి పడేచోట చూపు, చూపు పడేచోట చెయ్యి.

ఇప్పుడు దీపం కొన్నవాళ్లు గేటు దగ్గర నిలబడి మరీ అందుకున్నారు. కొత్తగా దుప్పటి కొన్నవాళ్లు మాత్రం, వచ్చినప్పుడే వస్తుందిలెండి అని ఊరుకున్నారు. కవిగారు కుర్చీలో కూర్చోలేకపోయాడు. గుమ్మానికి తగిలించే గంటకు చప్పుడు రాసి చూశాడు, తేనె సీసాకు రుచి రాసి చూశాడు. గంట కొన్నవాళ్లు నింపాదిగా ఉన్నారు. తేనె కొన్నవాళ్లు ఫోనక్క ప్రాణం తోడేశారు.

"ఏం లేదక్కా," అన్నాడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒకనాడు టీ తాగేటప్పుడు, కనిపెట్టిన వాడి దర్జాతో. "కంటికి చంద్రుడు కూడా అందుతాడు. చెవికి ఊరవతల వెళ్లే రైలు అందుతుంది. చేతికో? చాపినంత దూరమే. నాలుకకైతే నోట్లోకి వచ్చిందే. అందుకని ముట్టుకున్నట్టు ఊహించుకుంటే చాలు, వస్తువు పక్కనే ఉందని మనసు నమ్మేస్తుంది. చూసినట్టో విన్నట్టో ఊహించుకుంటే, ఎక్కడో ఉందిలే అనుకుంటుంది."

"అందుకేనేమో, మా ఆయన ఫోన్లో ఎంత తియ్యగా మాట్లాడినా నాకు ఊరవతల రైలు లాగే ఉంటాడు," అని ఫోనక్క గ్లాసు కింద పెట్టింది. "అది సరే గానీ, నువ్వు కొత్త గోదాముకి వెళ్తున్నావట?"

వెళ్తున్నాడు. కంపెనీ వేరే ఊళ్లో పెద్ద గోదాము తెరుస్తోంది. చలికాలమంతా అక్కడ ఉండి, అక్కడి సరుకంతటికీ వాక్యాలు రాసి, తన కింద ఇంకో ఇద్దరిని తయారు చెయ్యాలి. తిరిగొచ్చాక పెద్ద కుర్చీ. మేనేజరు అడగడమే తరువాయి, అతను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఇంటికెళ్లి చెబితే భార్య సరే అంది. అంత పొట్టి సరే ఆవిడ నోట అతను ఎప్పుడూ వినలేదు. అలిసిపోయిందేమో అనుకున్నాడు.

"మీ ఆవిడకి నెలలు నిండేది కూడా చలికాలంలోనే కదూ?" అంది ఫోనక్క.

"ఇంకా చాలా టైముందక్కా."

ఫోనక్క అతని మొహంలోకి చూసింది. ఈసారి నవ్వలేదు.

"దుప్పట్లూ, మీ బిడ్డా ఇంచుమించు ఒకే వారంలో వస్తాయి. దుప్పటి కోసం జనం అరలు ఖాళీ చేసుకున్నారు. నీకేమో చాలా టైముంది!"

కవిగారు టీ సగంలోనే వదిలేశాడు. బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు కానీ చెయ్యి ఆడలేదు. ఆ బిడ్డ గురించి తనకు తెలిసింది ఎంత? స్కానింగ్ గదిలో చీకటి తెర మీద బూడిదరంగు మబ్బు లాంటిది కదిలింది, ఇదిగో చూడండి అన్నారు, చూశాడు. గుర్రప్పిల్ల పరుగు లాంటి చప్పుడు వినిపించింది, విని చూడండి అన్నారు, విన్నాడు. అంతే. భార్య ఎన్నోసార్లు అతని చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. అంతసేపూ గంతులు వేసిన బిడ్డ, తండ్రి చెయ్యి పడగానే, మాస్టారు వచ్చిన క్లాసు లాగా గప్‌చుప్. ఇప్పటికి ఒక్క తన్ను కూడా అతని వంతుకు రాలేదు. బిడ్డ మీద ప్రేమ లేదేమో తనకి, అని లోలోపల భయపడుతున్నాడు. ఆ భయం భార్యకు చెప్పలేదు. గోదాముకి వెళ్తానని మాత్రం చెప్పాడు.

ఇదీ ఒకసారి పరీక్షిద్దామనిపించింది. పుట్టిన బిడ్డ ఎంత బరువుంటుందో అంత బరువున్న వస్తువు కోసం స్టోరు గదంతా వెతికితే కుక్కరు దొరికింది. మోచేతి మడతలో పడుకోబెట్టుకున్నాడు. చల్లగా ఉందని శాంపిల్ దుప్పటి చుట్టాడు. మేనేజరు అటుగా వెళ్తూ ఆగి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు. కవిగారు కళ్లు మూసుకుని, దుప్పటికి రాసినట్టే, మనసులో ఒక్కో వాక్యం రాసుకున్నాడు. మెడ నిలవదు, కాబట్టి తల కింద అరచెయ్యి ఆనించాలి. తల అరచేతిలో సరిగ్గా ఇముడుతుంది. మాడు దగ్గర మెత్తగా కొట్టుకుంటూ ఉంటుంది. నోరు చొక్కా కాలరు పక్కన ఆని, అక్కడ తడి అవుతుంది, కాసేపటికి ఆ తడి చల్లబడుతుంది. వేలు అందిస్తే గుప్పిట మూసుకుంటుంది, లాక్కోబోతే వదలదు.

అక్కడ ఆగిపోయాడు. బిడ్డ వచ్చేసినట్టే అనిపించింది. ఇంట్లో ఉయ్యాల లేదు, స్నానం చేయించే టబ్బు లేదు, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన సంచి సర్దలేదు. బిడ్డ చేతిలో ఉంది, తానేమో గోదాములో ఉంటాడట! ఆ గాభరాలోనే అర్థమైంది అతనికి, ప్రేమ లేకపోవడం కాదు, ఇన్నాళ్లూ బిడ్డను దూరం నుంచి మాత్రమే చూశాడని. కుక్కరు జాగ్రత్తగా దించి, తిన్నగా మేనేజరు గదికి వెళ్లి, నేను వెళ్లలేను సార్ అన్నాడు. పెద్ద కుర్చీ ఇంకొకరికి పోతుంది మరి అన్నాడు ఆయన. పోనివ్వండి అన్నాడు కవిగారు, తన నోటి నుంచే ఆ మాట వచ్చిందా అని ఆశ్చర్యపోతూ.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య అలమర పక్కన గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కింద కూర్చుని ఉంది. చుట్టూ సగం మడతపెట్టిన బట్టలు. చెప్పులు విప్పీ విప్పకముందే, వెళ్లడం మానేశానని చెప్పాడు. ఆవిడ కళ్లెత్తి చూసి, ఎందుకని అడిగింది. పక్కన చతికిలబడి అంతా చెప్పాడు. దీపం, దుప్పటి, కుక్కరు, తల కింద అరచెయ్యి, కాలరు దగ్గర తడి. అమ్మకం బాగా కుదిరిన రోజు లాగా ఉత్సాహంగా చెప్పాడు.

"ఆపు," అంది ఆవిడ. కళ్ల నిండా నీళ్లు.

ఎత్తుకున్నట్టు చూపిస్తున్న చేతులు అతను దించేశాడు.

"నాకు ఇదంతా చెప్పాలా? పొద్దున లేస్తే పక్కటెముకల కింద మడమ. కూర్చుంటే నడుములో, పడుకుంటే గొంతులో. నొప్పులు చలికాలంలో వస్తాయంటారు, నాకు రోజూ వస్తున్నాయి. తల్చుకుంటే చాలు, ఒళ్లంతా తెలిసిపోతోంది. ఇంకా దగ్గరికి తేకు, బాబూ. నాకు చోటు లేదు."

"నేను వెళ్తానన్నప్పుడు కోపం వచ్చిందా?"

"కోపమా? రాదూ! కానీ అంతకంటే కుళ్లు ఎక్కువొచ్చింది. ఈయనకి ఇదంతా ఎంత దూరంగా కనపడుతోందో కదా, హాయిగా ఉన్నాడు, అనిపించింది. ఆ దూరం కాస్త నాకూ ఇవ్వకూడదూ అనిపించింది."

దగ్గరితనం చాలక తను, అది ఎక్కువై ఆవిడ. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఇంత తేడాతో ఇన్నాళ్లు గడిపారా అని అతనికి దిగులేసింది.

"ఇప్పుడు ఇవ్వనా?" అన్నాడు.

"ఏంటి?"

"దూరం."

ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "చెప్పు. ముట్టుకునేది మాత్రం ఒక్కటి కూడా రానివ్వకు."

అతను కాసేపు ఆలోచించాడు. ఏ సరుకుకీ ఇంతసేపు ఆలోచించలేదు.

"బడి ఉన్న వీధి. పొద్దున. మనం ఈ చివర నిలబడ్డాం. మన బిడ్డకి పదేళ్లు ఉంటాయి. వీపు మీద నీలం బ్యాగు, ఒక పట్టీ జారిపోయింది. జుట్టు నీ జుట్టే, ఎంత దువ్వినా లేచే ఉంది."

"మొహం?"

"కనపడటం లేదు. అటు తిరిగి నడుస్తోంది."

"ఇంకా?"

"పక్కన ఇంకో పిల్ల. ఏదో జోకు చెప్పినట్టుంది. ఇక్కడిదాకా వినపడుతోంది నవ్వు. పళ్లబండి వాడు కూడా తలెత్తి చూశాడు. గోడ నీడలోంచి ఎండలోకి వెళ్లింది, మళ్లీ నీడలోకి వెళ్లింది. బ్యాగు మాత్రం నీలంగా కనపడుతోంది."

ఆవిడ ఊపిరి నెమ్మదించింది. బిగించి పట్టుకున్న చిన్న చొక్కా చేతుల్లోంచి ఒళ్లో పడింది. గోడకు తల ఆనించి, ఆ వీధి చివరకు చూస్తున్నట్టే, ఎదుటి గోడ వైపు చూస్తోంది.

"మలుపు దగ్గరికి వెళ్లిందా?"

"వెళ్లింది."

"వెనక్కి తిరిగి చూసిందా, మనల్ని?"

అమ్మే వాక్యం ఏదో అతనికి తెలుసు. తిరిగి చూసి చెయ్యి ఊపాలి. బొమ్మ కింద రాయాల్సి వస్తే కళ్లు మూసుకుని అదే రాసేవాడు. భార్య మొహం చూశాక అలా చెప్పబుద్ధి కాలేదు.

"చూడలేదు," అన్నాడు. "ఆ పిల్లతో మాట్లాడుకుంటూ అలాగే వెళ్లిపోయింది."

ఆవిడ ఒళ్లోని చిన్న చొక్కా మడత పెట్టి పక్కన ఉంచింది. తర్వాత కళ్లు మూసుకుని, అయితే బాగానే పెంచామన్నమాట, అంది.