రెండు నీడల పాలపిట్ట

పొద్దున్నే వాకిలి ఊడ్చి, బర్రెకు కుడితి పెట్టి, యాకమ్మ అరుగు మీద కూర్చునేది. ఆమె ఇంట్లో కిరాయికి ఉంటున్న సింధూజ జనగామ పిల్ల, పిట్టల మీద పరిశోధన చేస్తోంది. గంగారం అడవి అంచున వల కట్టి పాలపిట్టలను పట్టుకుంటుంది. రొమ్ము మీది చిన్న ఈక ఒకటి తీసుకుని, కాలికి కడియం తొడిగి వదిలేస్తుంది. పాలపిట్టల్లో ఆడా మగా చూడ్డానికి ఒక్క తీరే. ఈకను ల్యాబుకు పంపితే ఏది ఏదో తేల్చి చెబుతారు.

యాకమ్మకు ఇదంతా నవ్వులాట. ఆ ఊళ్లో మగవాళ్లకు రెండు నీడలు పడతాయి, ఆడవాళ్లకు ఒకటి. పిట్టల్లోనూ కొన్నిటికి రెండు, కొన్నిటికి ఒకటి. రెండున్నది మగది. దానికి ల్యాబెందుకు?

ఆమె కోడలు రేణుకకు ఇద్దరూ ఆడపిల్లలే. అందుకని కొడుకు ఐలేశ్‌కు రెండో సంబంధం చూసింది. ఎవరి తప్పో తేల్చకుండానే శిక్ష వేయడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. ఐలేశ్ తల వంచుకున్నాడు. రేణుక బట్టలు సంచిలో సర్దుకుంది.

గార్ల నుంచి పెళ్లిపిల్ల తరఫువాళ్లు రావాల్సిన ఆదివారం పొద్దున సింధూజ ల్యాబు కాగితం చదివింది. రెండు నీడల పిట్టలన్నీ ఆడవేనట.

"మీ మిషన్‌కు కండ్లు లేవు బిడ్డా" అంది యాకమ్మ.

అప్పుడే పట్టి తెచ్చిన పిట్టను బయటికి తీయడానికి సింధూజ గుడ్డసంచి విప్పింది. పిట్ట నీడలు రెండూ అరుగు మీద పడ్డాయి. సంచి అడుగున తెల్లటి గుడ్డు, ఇంకా వెచ్చగా ఉంది.

"మగపిట్ట గుడ్డు పెట్టిందా అత్తా?" అని రేణుక గడపలోంచి అడిగింది.

యాకమ్మ గుడ్డును వేలితో తాకి చూసింది. "మరి గా రెండు నీడలేందే?"

"ఆడో మగో తేల్చే గుర్తులు, పిల్లకిచ్చేటియి, ఆడపిట్ట దగ్గర రెండు రకాలుంటయవ్వా" అంది సింధూజ. " మగదాని దగ్గర ఒక్కటే. పిల్ల ఆడో మగో రెండున్నదాన్ని బట్టే తేలుతది."

"మనుషులల్ల?"

"మనుషులల్ల రెండు మగోని దగ్గరుంటయ్."

యాకమ్మ వాకిట్లోకి చూసింది. ఐలేశ్ కొత్త అంగీ వేసుకుని ఎండలో నిలబడ్డాడు. రెండు నీడలూ గోడదాకా సాగి ఉన్నాయి.

సింధూజ గుడ్డునూ పిట్టనూ తీసుకుని పిట్ట గూడున్న తాడిచెట్టు తొర్ర వైపు పరుగెత్తింది. ఇంతలో ఆటో వచ్చి ఆగింది. వాళ్లు దిగకముందే యాకమ్మ ఎదురెళ్లింది.

"తేలేది మా పిలగాని దిక్కునుంచట. ఇంకెంతమందిని కట్టుకున్నా అంతే. మీ పిల్లను ఆగం చేసుకోకుండ్రి. జర చాయ్ తాగి పోండ్రి."

లోపల రేణుక, ఎంతమంది దిగారో తొంగి చూసి, చాయ్‌కి నీళ్లు పెట్టింది.