తమ్ముడి తోడు

మా తమ్ముడు మౌలాను చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. అరవై మూడులో నెల్లూరు కాలేజీలో పి.యు.సి. ఫస్టుక్లాసులో ప్యాసైంది నేను. రాయవేలూరు వెళ్ళి డాక్టరు చదువుకు ప్రవేశ పరీక్ష రాయాల్సిందీ నేనే. మా నాయన ఇమామ్ సాహెబ్ గూడూరులో నిమ్మకాయల వ్యాపారి. మండీలో అందరికీ న్యాయం చెప్పే మనిషి, నా దగ్గరకొచ్చేసరికి అడ్డం తిరిగాడు.

"తోడు లేకుండా ఆడబిడ్డను పరాయి ఊరికి పంపేది లేదు నూర్జాన్. వచ్చే ఏడు మౌలా పి.యు.సి. కూడా అయిపోతాది. ఇద్దరూ ఒకేసారి రాయండి, ఒకేసారి పోండి. ఏడాదిలో ఏం కొంప మునిగిపోతాది?"

మునిగేది నా కొంపే! పైగా వాడికి పాఠాలు చెప్పే పని కూడా నా నెత్తినే పడింది. వాడు పరీక్ష తప్పితే నాకు తోడుండదు కాబట్టి చెప్పక చావలేదు. కప్ప గుండెకు ఎన్ని గదులో ఎన్నిసార్లు చెప్పినా, "అక్కా, ఆకలేస్తుండాది" అనేవాడు. మా అమ్మ బడేబీ గ్లాసు నిండా పాలు తెచ్చేది.

"చదివి చదివి బిడ్డ చిక్కిపోయినాడు."

చెప్పి చెప్పి నోరెండింది నాకు. నాకు మజ్జిగ. మండీలోనేమో, "మౌలా డాక్టరుకు నాడి చూపించుకోవాల" అని సరసాలు. నా పేరెత్తిన పాపాన ఒక్కడూ పోలేదు.

మరుసటి ఏడు ఇద్దరం పరీక్ష రాశాం. నాకు సీటు వచ్చింది. వాడికి రాలేదు.

నిజం చెప్పొద్దూ, నా కడుపు చల్లబడింది. తగిన శాస్తి జరిగిందనుకున్నాను. మౌలా గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. నాయన వాడి వీపు నిమిరి, నావైపు ఎంతో ప్రేమగా చూశాడు.

"ఇంకొక్క ఏడు ఆగు తల్లీ. తమ్ముడికి ఈసారి గట్టిగా చెప్పు."

"నేనాగను నాయనా! వాడి కోసం ఒకసారి ఆగినా. ఇంక చచ్చినా ఆగను."

"మరి నీకు తోడెవరు?"

మౌలా కళ్ళు తుడుచుకున్నాడు.

"నేను పోతా నాయనా. ఆ ఊళ్ళోనే రూము తీసుకొని ఉండి, మళ్ళా పరీక్షకు చదువుకుంటా. అక్కను పంపించు."

అమ్మ వాణ్ణి కావిలించుకుని బావురుమంది. "అక్క కోసం ఎంత మాటన్నాడో చూడండి, నా బంగారం!" నాయన కళ్ళు చెమర్చాయి. ఆ పూటకే ఊరంతా తెలిసింది.

మేం బయల్దేరిన రోజు మండీ జనమంతా గూడూరు స్టేషనుకు వచ్చారు. పెద్ద బంతిపూల దండ తెచ్చి మౌలా మెడలో వేశారు. నేను నా పెట్టె నేనే ఎత్తుకుని రైలెక్కాను.