సీసపు ముక్క మీద మూడో గీత

హెలెనా పెర్త్‌లో యూనివర్సిటీ ఆఖరి ఏడు చదువుతోంది. ఇంగ్లండ్‌లో దున్నే పొలాల కింద బయటపడ్డ ఒక రోమన్ విల్లా మీద ఆమె థీసిస్. పదహారు వందల ఏళ్ళనాటి పల్లెటూరి బంగళా అది. అక్కడ దొరికిన వస్తువులు ఒక పెట్టెడు యూని మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఓ సీసపు తొట్టి ముక్క మీద క్రీస్తు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాలు, ఇంటూ గుర్తులాంటిదొకటి, తల దగ్గర వంపున్న నిలువు గీతలాంటిదొకటి, ఒకదాని మీద ఒకటి గీసి ఉన్నాయి. దాన్ని బట్టే ఆ ఇంటివాళ్ళు క్రైస్తవులని, హెలెనా గైడు డాక్టర్ ఫెయిర్లీ పదేళ్ళ కిందట పుస్తకం రాసింది.

ఊరి శివారు కానింగ్ వేల్‌లో ఉండే హెలెనా నాన్న ఎలియాజర్‌కి ఈ సంగతి తెలిశాక నోరాగలేదు. చర్చిలో అందరికీ చెప్పాడు. ఆదివారం ఆరాధన అయ్యాక హెలెనా మాట్లాడుతుందని పాస్టరు అయ్యగారు ప్రకటించేశారు కూడా.

శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో ఫొటోల కోసం హెలెనా లైటుని పక్కకి వాల్చి పెట్టింది. మైక్రోస్కోపులో చూసి ఇంకా దగ్గరికి వంగింది. ఏటవాలు గీతలు రెండూ సీసానికి ఏళ్ళ తరబడి పట్టిన పాత తెల్లటి పొర కింద ఉన్నాయి. నిలువు గీతా, దాని తల దగ్గరి వంపూ మాత్రం ఆ పొరని కోసుకుంటూ పోయాయి. అంటే ఎన్నో వందల ఏళ్ళ తర్వాత పడ్డ గీత. ఏ నాగలో తగిలి జారి ఉంటుంది. అది తీసేస్తే మిగిలేది ఉత్త ఇంటూ గుర్తు.

సోమవారం థీసిస్ ఇచ్చెయ్యాలి. లైటు మళ్ళీ నిటారుగా పెట్టేస్తే ఈ తేడా కనబడదు, ఎవరూ అడగరు. ‘ప్రభువా, నేనే తప్పు చూసి ఉంటే బావుణ్ణు’ అనుకుని మళ్ళీ చూసింది. తప్పు కాదు.

అప్పుడే తలుపు తీసుకుని ఫెయిర్లీ వచ్చింది. "ఫొటోలు అయ్యాయా?"

"మీరొకసారి చూడాలి," అంది హెలెనా.

ఫెయిర్లీ మైక్రోస్కోపుకి కన్ను ఆనించి చాలాసేపు తలెత్తలేదు.

"లైటు ఇలా ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే."

"నా పుస్తకంలో మూడు చాప్టర్లు దీని మీదే ఉన్నాయి. తెలుసుగా?"

"తెలుసు."

ఫెయిర్లీ మొహం ఎర్రబడింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. "నీకు రెండు వారాలు గడువిప్పిస్తాను. చూసింది చూసినట్టు రాయి," అంది చివరికి. "నేనూ రాయాలి." తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లో హెలెనా సంగతంతా చెప్పగానే ఎలియాజర్ ఒక్కసారి గొంతు పెంచాడు.

"అందరికీ చెప్పేశాను కదే! నువ్వు అంత షూర్‌గా ఎలా అంటావు?"

"ఆ గీత తర్వాత పడ్డదే, అది షూర్ నాన్నా. వాళ్ళు క్రైస్తవులు కాదని కూడా నేను అనట్లేదు. మనకి తెలీదు, అంతే. చర్చిలో నిలబడి తెలుసని చెప్పమంటావా?"

ఎలియాజర్ ఫోను తీసుకుని పెరట్లోకి నడిచాడు. హెలెనా వంటగదిలోంచి వింటూనే ఉంది.

"అయ్యగారూ, అమ్మాయి ఆదివారం మాట్లాడదండీ... ఒంట్లో బానే ఉంది. పొరపాటు నాదండీ, తొందరపడి చెప్పేశాను."

లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. కూతురు మంచినీళ్ళిస్తే తాగి, గ్లాసు పక్కన పెట్టి అడిగాడు.

"ఇంకేం దొరికాయి ఆ ఇంట్లో?"

"ఒళ్ళో బిడ్డతో రోమన్ల దేవత మట్టిబొమ్మొకటి. తల విరిగిపోయింది."

"ఫొటో ఉందా? చూపించు," అన్నాడు ఎలియాజర్, కళ్ళజోడు కోసం వెతుక్కుంటూ.