అరువు రక్తం

రంగప్ప దగ్గు తెరిపిచ్చేదాకా లైను కదల్లేదు. కరెంటు ఫ్యాక్టరీ గేటు పక్క రేకుల షెడ్డులో కూలీలకు రక్తం తీస్తున్నారు. ఎండ నడినెత్తికొచ్చింది. మొగుడి వీపు నిమురుతూ మారెవ్వ నిలబడింది.

బొగ్గు కాలిన బూడిదను తొట్లలోంచి దించేవాళ్ళకు ఏడాదికోసారి ఈ పరీక్ష తప్పదు. ఊపిరితిత్తుల్లో రోగం ముదిరితే దాని వాపు రక్తంలో తేలుతుందట. సి.ఆర్.పి. అని దానికో పేరు కూడా ఉంది. ఆ అంకె పెరిగినవాడికి వైద్యం చేయించాలి గదా? కాంట్రాక్టరు ధర్మప్రభువు, గేటు పాసు రద్దు చేయించేవాడు. అందుకని కూలీలు ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. రోగిష్టివాడి పేరు పిలిస్తే గట్టి మనిషి వెళ్ళి చెయ్యి చాపాలి. సూది గుచ్చేవాడు పేరే చూస్తాడు, ముఖం చూడడు; ఆడచెయ్యో మగచెయ్యో కూడా అతనికి పట్టదు. క్యాంటీన్లో బియ్యం ఏరే మారెవ్వ రక్తం వాడకట్టు మొత్తానికీ అచ్చొచ్చింది. మేస్త్రీ బసవలింగప్పకు ఈ సంగతంతా తెలుసు. పని సాగుతుంటే ఆయనకేం నొప్పి?

నిరుడు నారప్పకూ ఆమే ఇచ్చింది. వానాకాలం దాటకముందే నారప్ప ఊపిరాడక చచ్చిపోయాడు. పరిహారం అడగబోయిన అతని పెళ్ళాం గంగాభవానికి ఆఫీసులో కుర్చీ వేసి మరీ చెప్పారు, నీ మొగుడి రక్తం నిక్షేపంగా ఉందమ్మా, బూడిద వల్ల కాదు, బీడీల వల్ల పోయాడు అని. నారప్ప జన్మలో బీడీ ముట్టలేదు. ఆ మాట విన్నప్పటి నుంచి మారెవ్వకు అన్నం సయించడం లేదు. తన మంచి రక్తమే గంగాభవాని నోట్లో మట్టి కొట్టింది.

"ఏందవ్వా, జల్ది రా. రంగప్ప పేరు పిలిచిన్రు," అన్నాడు బసవలింగప్ప.

"రంగప్ప ఈడనే ఉన్నడు గదన్నా. ఆయనదే తీయమను."

"తలకాయ ఉన్నదా నీకు? రేపు గేటు దాటనిస్తరా ఈన్ని?"

"దాటనియ్యరు. నాకెరుకే."

రంగప్ప ఆమె కొంగు పట్టుకున్నాడు. "ఈ ఒక్కసారి ఇయ్యే, నీ కాల్మొక్త. నీ క్యాంటీన్ కూలీకి జొన్నలు గూడ రావు. ఏం తింటమే?"

"తెల్వదు. నారప్పన్నకు ఏ రోగం లేదని రాసి మట్టిల పెట్టిన్రు. నిన్ను గట్ల పెట్టనియ్య. రోగం నీది, నీ పేరు మీదనే పడనీ. రేపు నేను ఎవల్నన్న నిలదీయాల్నంటే నా చేతుల ఆ కాయితమన్న ఉండాలె."

రంగప్ప ఆమె వైపు పగవాడిని చూసినట్టు చూశాడు. అయినా మారెవ్వ అతని చొక్కా చెయ్యి తానే పైకి మడిచింది. సూది లోపలికి దిగింది.

రంగప్ప వెనక నాగేష్ ఉన్నాడు. పక్కింటివాడు, రెండేళ్ళుగా మారెవ్వ రక్తంతోనే పాసు నిలుపుకుంటున్నాడు. దగ్గును గొంతులోనే అణుచుకుంటూ మెల్లగా అడిగాడు.

"వదినా, మరి నాకు?"

మారెవ్వ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.