తిప్పి పంపిన కవరు

పోస్టుమ్యాన్ గుమ్మం దగ్గర నిలబడి కవరు మీద తమ్ముడి పేరు చదివినా టైలరక్క కుట్టు మిషను ఆపలేదు. పెదవుల మధ్య గుండుసూదులతోనే తల అడ్డంగా ఊపింది. అలా ఊపడం అది మూడోసారి. అతను "తీసుకోలేదు" అని కవరు మీద రాసుకుని వెళ్లిపోయాడు.

"సంతకం పెట్టామా, మెడకు చుట్టుకుంటుంది. పెట్టకపోతే ఎవడేం చేస్తాడు?" అంది టైలరక్క, సూదులు డబ్బాలో వేస్తూ.

"అంతేగా మరి!" అంది పక్కన బొత్తాలు కుడుతున్నావిడ.

ఈ తెలివి ఆ ఒక్క ఇంట్లోదే అనుకుంటే పొరపాటు. ఇది చదువుతున్న మనలో ఎంతమందిమి ఇలా కవర్లు తిప్పి పంపలేదు? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, మనం చూడకపోతే ఆ కాగితం లేనట్టే అనుకుంటాం.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పని కోసం పరాయి దేశం వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకుని, ఓ ఆడపిల్లకు తండ్రయ్యాడు. భార్యతో పొసగక ఏడాదిన్నర కిందట చేతిలో ఒక్క పెట్టెతో అక్క ఇంటికి వచ్చేశాడు. అసలే నలిగి వచ్చినవాణ్ణి ఇంకా నలపడమెందుకని, ఆ దేశపు కోర్టు నుంచి వచ్చే కవర్ల సంగతి ఆమె అతని దాకా రానివ్వలేదు.

కొన్నాళ్లకు ఊళ్లోని కోర్టు మనిషే వచ్చి అతని చేతికి తాఖీదు ఇచ్చాడు. పిల్ల పోషణకు నెలనెలా ఇంత పంపాలని అక్కడి కోర్టు తీర్పిచ్చిందట. దాన్ని ఇక్కడ అమలు చేస్తారట.

"నాకు ముక్క చెప్పకుండా తీర్పేంటక్కా? పిల్లతో ఫోన్లో మాట్లాడనివ్వదు గానీ నా జీతం మాత్రం కావాలా?" అని తమ్ముడు మండిపడ్డాడు.

అతని కోపంలో న్యాయం లేకపోలేదు. లాయరు కూడా ధైర్యం చెప్పాడు. "నోటీసే అందలేదంటే ఆ తీర్పు ఇక్కడ నిలవదు. ఇంటికి ఏ కవరూ రాలేదని మీ అక్కగారు ప్రమాణం చేసి ఒక అఫిడవిట్ ఇస్తే చాలు." పాపం, జరిగింది ఆయనకు మాత్రం ఏం తెలుసు?

సంతకం పెట్టబోయే ముందు టైలరక్క కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంది. తీర్పు అనువాదం వెనక, పిల్లకు కావలసిన వాటి పట్టీ ఉంది. పుస్తకాలు, పళ్ల డాక్టరు, చలికోటు. ఆ కింద, "బడి యూనిఫాం రెండు జతలు, రెండు సైజులు పెద్దవి."

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది. ఇరవై రెండేళ్లుగా ఆమె వింటున్న మాటే అది. కలిగినవాళ్లు ఒంటికి అతికినట్టు కుట్టమంటారు. లేనివాళ్లు నేలచూపులు చూస్తూ, "కాస్త వదులుగా కుట్టమ్మా, పైయేడు కూడా రావాలి" అంటారు. కోర్టు ముందు గొప్పలకు పోయి అడిగే మనిషి రెండు సైజులు పెద్దవి అడగదు. చేతులు మడుచుకున్న చొక్కాతో బడికి పోతున్న మేనకోడలు కళ్లముందు కదిలింది. టైలరక్కకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

తమ్ముడు పని నుంచి రాగానే చెప్పేసింది. "కవర్లు వచ్చాయిరా. మూడుసార్లు. నేనే తిప్పి పంపాను."

తమ్ముడు పని సంచీ నేల మీద పడేశాడు. తరువాత, "ఈ ఒక్కసారికి ఊరుకో అక్కా. నువ్వు నోరు విప్పితే నేను మునిగిపోతాను" అన్నాడు.

"నీ పెళ్లాం మీద నాకూ కోపమే. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే ఎలారా? ఇదిగో, ఈ పట్టీ చదువు. చదివాక కూడా సంతకం పెట్టమంటే అప్పుడు చూద్దాం."

అతను చదివాడు. పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పట్టీ ఆమె ముందే పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

కోర్టులో టైలరక్క, ఎవరూ అడగకముందే లేచి నిజం చెప్పింది. లాయరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు. జడ్జిగారు, నెరిసిన జుట్టావిడ, తమ్ముడి వైపు తిరిగారు.

"ఈ సంగతి మీకు తెలుసా?"

"మొన్నటిదాకా తెలీదండి." అక్క వైపు ఒకసారి చూశాడు. "నా పిల్లకు పంపనని అననండి. కానీ అక్కడి జీతం లెక్కన వేశారు. ఇక్కడ నాకంత రాదు. దాని గొంతు విని ఏడాదైంది."

జడ్జిగారు తొందరపడకుండా చెప్పారు. "ఇంట్లో పెద్దవాళ్లు కాదని తిప్పి పంపినా, నోటీసు మీకు అందినట్టే లెక్క. కాబట్టి తీర్పు అమలవుతుంది. మీ జీతం తగ్గిందంటున్నారు, ఆ కాగితాలు పెట్టి మొత్తం తగ్గించమని ఆ కోర్టునే అడగండి. పిల్లతో మాట్లాడే ఏర్పాటూ అక్కడే అడగండి. రెండూ మీ హక్కులే. తీర్పు మీద ఎంతైనా పోరాడండి, తప్పులేదు. కానీ ఆ పోరాటం తేలేదాకా పిల్ల ఎదగకుండా ఆగదు."