కుక్కర్ రబ్బరు కోసం మోగిన ఫోన్

నేను ఒక బటన్ల ఫోన్‌ని. నవ్వకండి. వేలితో తోస్తే జరిగే అద్దం నాకు లేదు గానీ, మెట్ల మీంచి దొర్లినా లేచి మళ్లీ మోగే గుణం ఉంది. ఏదో ఫ్యాక్టరీలో వరసగా కూర్చున్న ఆడపిల్లలు నా ఒంట్లో మరలు బిగించారు. అట్టపెట్టెలో నిద్రపోతూ తుని వచ్చాను. నా మొదటి యజమాని ఇళ్లు కట్టే మేస్త్రీ. మంచం మీద పడుకునే "దార్లో ఉన్నానండీ, రెండు నిమిషాలు" అనేవాడు. మనుషులకి రెండు నిమిషాలంటే ఎంతో నాకిప్పటికీ తెలీదు. టచ్ ఫోన్ కొనుక్కున్నాక ఆయన నన్ను ఎదురింటి నూకరత్నానికి ఇచ్చేశాడు.

నూకరత్నం తండ్రి పైడిరాజు బజారులో నలభై ఏళ్లు కుక్కర్లు బాగుచేశాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టు పోయింది. సామానంతా ఇంటికి చేరింది. పైడిరాజు కూడా చేరి, చేతులు ఊరుకోక బాగున్న కుక్కర్ని సైతం విప్పి పెట్టేవాడు. నూకరత్నం కుక్కర్ విడిభాగాలు అమ్మే వెబ్‌సైట్ పెట్టి, దాని మీద నా నంబరు వేసింది.

"మూడు నెలలు చూస్తాను నాన్నా. నడవకపోతే సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ ఉద్యోగానికి పోతాను. ఈ సామాను పాత ఇనుము బండికి ఇచ్చేద్దాం."

పైడిరాజు చేతిలో ఉన్న విజిల్‌ని తుడిచిందే తుడిచాడు.

నెల రోజులు నేను మోగలేదు. అప్పుడు వచ్చాడు విశాఖ నుంచి ప్రణీత్. వెతికేవాళ్లకి మన సైట్ ముందుగా కనపడేలా చెయ్యడం అతని వృత్తి. "మొదటి పేజీలో కూర్చోబెడతాను మేడమ్" అన్నాడు. రబ్బరుకి 'ప్రీమియం సీలింగ్ రింగ్' అని పేరు పెట్టాడు. కుక్, కుకింగ్, విజిల్ అనే మాటల్ని పోపు గింజల్లా పేజీ అంతా చల్లాడు.

నేను మోగడం మొదలెట్టాను. మొదటాయన పెళ్లికి ఐదొందల మందికి వండే వంటమనిషి కావాలన్నాడు. రెండో ఆయన వ్యాయామం మాస్టారు.

"మీ దగ్గర దేశంలోకెల్లా గట్టి విజిల్ ఉందటగా. ఆటల పోటీలకి నలభై కావాలండీ."

"ఉందండీ," అన్నాడు పైడిరాజు. "కాకపోతే అది మోగాలంటే కింద పొయ్యి ఎలిగించాలి."

నూకరత్నం ప్రణీత్‌ని నిలదీసింది. "సైట్‌కి ట్రాఫిక్ పెరిగింది కదా మేడమ్!" అన్నాడు.

"ట్రాఫిక్ పెరిగే కదయ్యా మా కొట్టు పోయింది!"

మర్నాడు పర్లాకిమిడి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. కుక్కర్ విజిల్ రావట్లేదట, ఆవిరంతా మూత పక్కనుంచి పోతోందట. పైడిరాజు ముఖం వెలిగిపోయింది. రబ్బరుని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి బిగించమన్నాడు, విజిల్ కింది కన్నంలో మెతుకు ఇరుక్కుందేమో పుల్లతో పొడవమన్నాడు. ఆవిడ సంతోషంగా పెట్టేసింది.

"ఇన్నాళ్లకి సరైన మనిషి దొరికితే, కొనకుండా పంపేశావా?" అంది నూకరత్నం.

"ఆ రబ్బరు ఇంకో నెల వస్తాదే. ఉన్నదాన్ని పారేయించి కొత్తది అంటగట్టమంటావేటి?"

ఆ పూట తండ్రీకూతుళ్లు మాట్లాడుకోలేదు. మధ్యలో నేనొక్కదాన్నే, అదీ మోగితేగా.

గడువు ఇంకో వారం ఉందనగా పర్లాకిమిడి ఆవిడే మళ్లీ చేసింది. రబ్బరు పూర్తిగా సాగిపోయిందట. తనకొకటి, తోడికోడలికొకటి, ఎదురింటివాళ్లకొకటి పంపమంది.

"అమ్మా, అసలు మేం మీకెలా దొరికాం?" నూకరత్నం అడిగింది.

"'కుక్కర్ విజిల్ రావట్లేదు' అని కొట్టానమ్మా. ఎక్కడో అడుగున తగిలారు. ఏవో ఇంగ్లీషు పేర్లు రాసుకున్నారు గానీ, మాకు తెలిసింది కుక్కర్ రబ్బరే కదా. ఆ పెద్దాయన ఉన్నదున్నట్టు చెప్పాడు, అందుకే మళ్లీ చేశాను."

నూకరత్నం తండ్రిని అరుగు మీద కూర్చోబెట్టింది. విజిల్ ఎందుకు రాదు, మూత ఎందుకు పట్టేస్తుంది, రబ్బరు కొలత దారంతో ఎలా తియ్యాలి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుని సైట్‌లో పెట్టింది. 'సీలింగ్ రింగ్' పోయి 'కుక్కర్ రబ్బరు' వచ్చింది. ప్రణీత్ చూసి తల గోక్కున్నాడు. "ఇదే మేడమ్ అసలు పని" అని, తనకి ముందే తెలిసినట్టు మొహం పెట్టి, శీర్షికలు సర్ది, పేజీ త్వరగా తెరుచుకునేలా చేశాడు. నిజం చెప్పాలి, ఆ సర్దుబాటు తర్వాతే నేను రోజంతా మోగాను. చేసినవాళ్లలో సగం మంది సలహా పట్టుకుని మాయమయ్యేవాళ్లు. మిగతా సగంతో ఇల్లు నడిచింది. సూపర్ మార్కెట్ మేనేజరుకి "రావట్లేదండీ" అని నూకరత్నం చెప్పింది నాలోంచే.

ఆ మోతకి రెండేళ్లలో నా స్పీకరు పోయింది. అవతలి మాట వినపడక పైడిరాజు అరిచి మాట్లాడితే అవతలివాళ్లు తిడుతున్నాడనుకునేవారు. ఇప్పుడు టచ్ ఫోన్ వచ్చింది, మూతల ఫొటోలు దానికి వస్తాయి. నన్ను ఒక రేకు డబ్బాలో పెట్టారు. నా పక్కనున్న రబ్బర్లు సరిపోయే కుక్కర్లు ఎక్కడా తయారవడం లేదట. పారేద్దామని నూకరత్నం మూత తీసినప్పుడల్లా పైడిరాజు అడ్డొస్తాడు.

"ఉండనీయే. ఎవరో ఒకరు ఎతుక్కుంటారు."

మొన్న నా ఛార్జరు కూడా తెచ్చి ఇందులోనే పెట్టాడు.